సమస్య: పూవు ముత్యమయ్యె పుడమిమీద

నిర్వాహకుడు: ఆటవెలది పద్యం చివరి పాదం ఇచ్చాను, అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. పువ్వు ముత్యం కావడం అసాధ్యమే. కానీ డైసీ అనే ఇంగ్లిషు ఆడపిల్ల పేరును పట్టుకుంటే ముడి విడిపోతుంది. డైసీ ఒక పువ్వు కూడా. పాత ఇంగ్లిషులో ఆ పువ్వు పేరుకు అర్థం పగటి కన్ను. పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుంది కనుక ఆ పేరు. 14వ శతాబ్దపు కవి చాసర్ కూడా దాన్ని అలాగే మెచ్చుకున్నాడు.

గుంటూరు నుంచి:

మార్గరెట్టు నింట మనసార డైసీగ
ముద్దుగాను పిలువ ముచ్చటయ్యె
గ్రీకు నుడిని వెదుక రేకులే కరగెను
పూవు ముత్యమయ్యె పుడమిమీద

వరంగల్ నుంచి: మూడో పాదం చాలా బాగుందక్కా. కానీ మార్గరెట్‌ని డైసీ అని ఎందుకు పిలుస్తారు? ఆ మెట్టు పద్యంలో లేదు.

గుంటూరు నుంచి: నిజమే తమ్ముడూ, నాలుగు పాదాల్లో పట్టలేదు. గ్రీకులో మార్గరీటేస్ అంటే ముత్యం. అది లాటిన్ మీదుగా ఫ్రెంచిలోకి వచ్చి మార్గరీత్ అయింది. ఫ్రెంచివాళ్లకు మార్గరీత్ అమ్మాయి పేరూ, డైసీ జాతి పువ్వు పేరూ కూడా. అందుకే ఇంగ్లండులో మార్గరెట్‌కు డైసీ ముద్దుపేరయింది. 19వ శతాబ్దం చివర్లో పూలపేర్లు పెట్టుకోవడం బాగా నడిచినప్పుడు అదే అసలు పేరుగానూ నిలబడింది.

నిర్వాహకుడు: ఈ వివరణ పద్యమంత విలువైనది. ఒక్క మాట, 'ముద్దుగాను'లో 'గాను' గణం నింపడానికే వచ్చింది. 'ముద్దులొలుక పిలువ' అనండి.

విజయనగరం నుంచి: మాస్టారూ, ఇది నా మొదటి ప్రయత్నం, టెన్షన్‌గా ఉంది. ఒక్క పాదమే కుదిరింది.

ఇంగిలీసు తోట పచ్చికలో పూసి

నిర్వాహకుడు: టెన్షన్ ఎందుకమ్మా, గణాలన్నీ సరిపోయాయి. యతి ఒక్కటే తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవలేదు. 'ఇం'కి 'ప' చెల్లదు. 'ఇంగిలీసు తోట నింపుగా విరిసిన' అంటే తోటన్ + ఇంపుగా, ఇం–ఇం కలుస్తాయి. మిగతా పాదాలు రాసి పంపు, ఎదురుచూస్తాను.

వరంగల్ నుంచి:

పగటికన్ను తాను పగలెల్ల విప్పారి
సంజవేళ రెప్ప జారవిడిచి
తెల్ల రేకు ముడిచి తెలతెల మెరయంగ
పూవు ముత్యమయ్యె పుడమిమీద

లండన్ నుంచి: ముడుచుకున్న పువ్వును ముత్యం చేశారు, ఊహ నాకెంతో నచ్చింది. కానీ మా ఇంటి ముందు పచ్చికలో రోజూ చూస్తుంటాను. వెలుతురు తగ్గేకొద్దీ రేకులు పైకి లేచి నడిమి పసుపును కప్పేస్తాయి. అప్పుడు వాటి వెనుకవైపు బయటపడుతుంది. చాలా పూలకు కొసల్లో కుంకుమ అద్దినట్టు ఎర్రజీర ఉంటుంది. మన చామంతి కుటుంబానిదే అయినా చామంతిలో నేనిది చూడలేదు. మూడో పాదం ఇలా మారిస్తే?

రేకు కొసల నెరుపు రేఖలే తోపగ

వరంగల్ నుంచి: నేను పువ్వును ఫొటోలోనే చూశానండీ, అదీ విచ్చుకున్నప్పటిది. నా పాదం తీసేసి మీదే పెట్టుకుంటున్నాను.