కూలీల దిగులుకు మందేది: కౌన్సెలింగా, ఆగిన రోజుకు కూలా?

మెట్టచేను:
ఎండలు ముదిరి, వానలు వేళ తప్పాక పొలం పనివాళ్లలో టెన్షన్, దిగులు పెరిగాయంటే కాదనేవాళ్లు లేరు. ఏం చేయాలనగానే మాత్రం అందరూ కౌన్సెలింగ్ అంటున్నారు. ఎండకో వానకో పని ఆగిన రోజుకు కూలి ఇప్పించండి, సగం దిగులు దాంతోనే పోతుందని నేనంటాను. పంట పోతే భూమి ఉన్నాయనకు బీమా అయినా వస్తుంది. ఆ పంట కోయాల్సినవాళ్లకు ఏమొస్తుంది?

నిశిరాత్రి:
సగమే ఒప్పుకుంటానండీ. రాత్రి కూడా ఇల్లు చల్లబడకపోతే నిద్ర పట్టదు. ఎండ తప్పించుకోవాలంటే తెల్లారకముందే పనికి లేవాలి. అలా నాలుగు రోజులైతే చిన్న మాటకే కోపం, ఇంట్లో గొడవలు, కొందరికి తాగుడు. చావు ఆలోచనలు వస్తున్న మనిషిని డబ్బు పడేదాకా ఆగమంటామా?

రెండెకరాలు:
కూలి ఇప్పించండి అంటున్నారు, ఎవరిచేత? నాలాంటి చిన్న రైతుచేతా? వాన ముంచిన ఏడు నాకే దిక్కుండదు.

మెట్టచేను:
రెండెకరాలు గారూ, మీ నెత్తిన వేయమనడం లేదు. ప్రభుత్వం ప్రీమియం కట్టి, వేడి ఒక స్థాయి దాటగానే కూలీల ఖాతాలో డబ్బు పడే బీమా పెట్టొచ్చు.

నిశిరాత్రి గారూ, చావు ఆలోచనల దాకా వెళ్లిన మనిషికి ముందు డాక్టరే, అందులో పేచీ లేదు. కానీ గుత్త పని సంగతి చూడండి. బుట్టకింత అని డబ్బు. నీళ్ల కోసం గట్టు దాకా వెళ్లొచ్చేలోపు పక్కవాళ్లు ఇంకో బుట్ట నింపేస్తారు. తాగితే మళ్లీ చాటుకు వెళ్లాల్సి వస్తుందని ఆడవాళ్లలో చాలామంది అసలు తాగరు. ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల్లో షుగర్, బీపీ లేని కుర్రవాళ్లకు కూడా కిడ్నీలు పాడయ్యాయి. ఎండలో తెరిపి లేని గొడ్డుచాకిరీ అందుకు ఒక ముఖ్య కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. అలాంటి చోటికి వెళ్లి మనసు ప్రశాంతంగా ఉంచుకోండి అంటే, నాకైతే ఎగతాళిలా వినిపిస్తుంది.

కాలిఫోర్నియాలో 2005 నుంచి ఎండ నిబంధనలున్నాయి. ఇప్పుడైతే 35 డిగ్రీలు దాటాక పొలాల్లో రెండు గంటలకోసారి కనీసం 10 నిమిషాల విరామం ఇవ్వాలి. గుత్త పనివాళ్లకు ఆ విరామానికీ విడిగా డబ్బు కట్టాలని 2016 నుంచి అక్కడ చట్టం కూడా ఉంది. నేనడిగేది ఇదే. కూలి లేని విరామం ఎవరూ తీసుకోరు.

కలుపుతీత:
చట్టం సరే, అడిగేదెవరు? వేడి వల్ల 2030 నాటికి పోయే పనిగంటల్లో 60 శాతం వ్యవసాయానివేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లోనే అంచనా వేసింది. అయినా పొలంలో ఎండ ఎంతుందో కొలిచేవాళ్లే కనబడరు. ఇవాళ విరామం అడిగినవాళ్లను రేపు మేస్త్రీ పనికి పిలవడు. మీ బీమా డబ్బు కూడా అంతే, జాబితాలో ఎవరి పేరు ఎక్కాలో ఆ మేస్త్రీయే తేలిస్తే పనివాళ్లకు ఇంకో టెన్షన్ తగిలించినట్టే. ముందు ఆ జాబితా ఎవరు రాయాలో చెప్పండి.