అప్‌డేట్: చివరికి సీఏ గారి దగ్గరికే వెళ్లాను

2024–25లో మధ్యలో ఉద్యోగం మారి చెన్నై నుంచి బెంగళూరు వచ్చాను, రెండు ఫారం 16లు (జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్లు) ఉన్నాయి, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ సాఫ్ట్‌వేర్‌లో నేనే వేసుకోనా, సీఏకి ఇవ్వనా అని అడిగాను కదా. చాలామంది నువ్వే వేసుకో అన్నారు, సరేనని కూర్చున్నాను. రెండూ అప్‌లోడ్ చేస్తే అంకెలన్నీ వాటంతటవే నిండాయి గానీ, చివర్లో ఇంకా 40 వేల పైచిలుకు కట్టాలని చూపించేసరికి టెన్షన్ పట్టుకుంది.

మారతహళ్ళిలో ఒక సీఏ గారికి చూపించాను. ఆవిడ రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి, పెన్సిల్‌తో ఒకే లైను కింద రెండుచోట్లా గీత గీశారు. పాత పన్ను పద్ధతిలో ఉన్న 50 వేల స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి ఒక్కసారే తీసేసే మొత్తం) రెండు కంపెనీలూ విడివిడిగా ఇచ్చేశాయి, పన్ను శ్లాబులు కూడా ఎవరికి వారు మొదటి నుంచి లెక్కేశారు, అందుకే ఆ బాకీ. అది కట్టాల్సిందే.

అసలు పొరపాటు నాది. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు దగ్గర 12 నెలలకూ మెట్రో నగరం అని టిక్ పెట్టేశాను. ఆ ఏడాది నిబంధనల ప్రకారం ఆ మినహాయింపు పరిమితి చెన్నైకి బేసిక్ జీతంలో 50 శాతం, బెంగళూరుకి 40 శాతమే! ఇంత అద్దెలు కడుతున్న ఊరికి అది అన్యాయమే అనిపించింది, అయినా రూల్ రూలే. సాఫ్ట్‌వేర్ నేను చెప్పింది నమ్మింది, ఆవిడ నమ్మకుండా రెంట్ అగ్రిమెంట్ అడిగారు.

ఫీజు 2,500. రిటర్న్ వేశాక ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై కూడా అక్కడే చేయించారు, 30 రోజుల గడువు మర్చిపోతారని. ఉద్యోగం మారుతున్నవాళ్లు పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి (ఆ ఏడాది దానికి ఫారం 12బి ఉండేది), అది కూడా కలిపి నెలనెలా టీడీఎస్ (జీతంలోంచే పన్ను) కోస్తారు.