సౌత్‌డేల్: ఊరికి సెంటరు కట్టబోయి మాల్ కట్టారా?

ప్రశ్న: చలిమంట

మేము అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఈడైనాలో ఉంటున్నాము. నిరుడు జనవరిలో మా నాన్నగారు ఒంగోలు నుంచి వచ్చినప్పుడు, బయట నడిచే వీలు లేక, రోజూ పొద్దున్నే ఆయనను సౌత్‌డేల్ మాల్‌కు తీసుకువెళ్ళేదాన్ని. దుకాణాల షట్టర్లు లేవకముందే అక్కడ పెద్దవాళ్ళు బూట్లు బిగించుకుని ఇద్దరిద్దరుగా చుట్లు కొడుతూ ఉంటారు. మా నాన్నగారు కూడా మంకీ టోపీ తీసి జేబులో కుక్కుకుని వాళ్ళ వెనకే నడిచేవారు. మూడోరోజున ఆయన నడుమనున్న పెద్ద హాలులో ఆగి, అక్కడ నిలబెట్టిన బంగారు రంగు లోహపు చెట్లను తలెత్తి చూస్తూ, "ఏమ్మా, ఈ ఊరికి సెంటరెక్కడ?" అని అడిగారు. బోర్డు చూపించి ఇదే సౌత్‌డేల్ సెంటరని చెప్తే, "సెంటరంటే నాలుగు రోడ్లు కలవాలి, నలుగురు మనుషులు నిలబడాలి. ఇక్కడ కలిసేవి కార్లే కదా" అన్నారు.

చుట్టూ గోడలు, పైన కప్పుతో, లోపలంతా ఒకే ఉష్ణోగ్రతతో కట్టిన అమెరికా మాళ్ళలో ఇదే మొదటిదని చదివాను. నగరాన్ని వదిలి ఇక్కడ ఎందుకు కట్టారో, దీని రూపకర్త తన సృష్టిని తానే ఎందుకు తప్పుపట్టాడో తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు: పాతపటాలు

చలిమంట గారూ, మీ నాన్నగారు అడిగిన ప్రశ్నే దీని రూపకర్త విక్టర్ గ్రూయెన్‌ను కూడా వేధించింది. ఆయన 1903లో వియన్నాలో పుట్టిన యూదుడు. 1938లో ఆస్ట్రియా హిట్లర్ వశం కాగానే అమెరికాకు తరలివచ్చాడు. ఏ పనికి వెళ్ళాలన్నా కారెక్కవలసిన అమెరికా శివార్లను చూసి, వియన్నా కూడళ్ళలో జనం నడుస్తూ, కాఫీ తాగుతూ, కబుర్లాడుకునే తీరును ఇక్కడికి తేవాలని తపించాడు. 1954లో డెట్రాయిట్ దగ్గర ఆయన గీసిన నార్త్‌లాండ్ సెంటర్ ఆరుబయటిది. మినియాపొలిస్‌లో ఆ పద్ధతి సాగదు. సరుకు కొనడానికి హాయిగా తిరగగల రోజులు ఇక్కడ ఏడాదికి 126 మాత్రమేనని అప్పట్లో లెక్క కట్టారు.

కట్టించినవారు నగరంలో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ నడిపిన డేటన్ కుటుంబం. కొనుగోలుదారులు శివార్లకు తరలుతుంటే దుకాణం వాళ్ళ వెంట పోక తప్పలేదు. పథకాన్ని 1952లో ప్రకటించి, 1956 అక్టోబరు 8న సుమారు 2 కోట్ల డాలర్ల ఖర్చుతో 72 దుకాణాలు తెరిచారు. నగరంలో తమకు పోటీదారైన డొనాల్డ్‌సన్స్‌ను కూడా అదే కప్పు కిందికి తెచ్చుకోవడం అప్పటికి సాహసమే. దుకాణాలను ఒకే వరుసలో సాగదీస్తే జనం చివరిదాకా నడవరని గ్రూయెన్ వాటిని రెండంతస్తులుగా పేర్చాడు. పార్కింగును కూడా రెండు ఎత్తులలో వేయించినందువల్ల కొందరు కింది అంతస్తులోకి, కొందరు పై అంతస్తులోకి నేరుగా నడిచి వస్తారు, అద్దె కట్టేవాడికి మేడ మీది కొట్టు అన్న చిన్నచూపు ఉండదు. నాకు ఆ భవనంలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే అనిపిస్తుంది. నడిమి హాలులో చేపల కొలను, పక్షుల పంజరం, కాఫీ హోటలు ఉండేవి. మీ నాన్నగారు చూసిన చెట్లు శిల్పి హ్యారీ బెర్టోయా చేసినవి.

అయితే గ్రూయెన్ గీసిన పటం మాల్ ఒక్కటే కాదు. 463 ఎకరాలలో అపార్ట్‌మెంట్లు, ఇళ్ళు, బడులు, ఆసుపత్రి, పార్కు, చెరువు, వాటి నడుమ మాల్ ఉండాలి. చుట్టూ భూమిని ముందే కొనడంలో వ్యాపార లెక్క కూడా ఉంది. మాల్ లేవగానే పక్క స్థలాల ధర పెరుగుతుంది, ఆ పెరుగుదల పరుల పాలు కాకూడదు. తీరా ధర పెరిగాక పటంలోని ఊరు ఏకమొత్తంగా లేవలేదు. ఆసుపత్రి 1965లో వచ్చింది కానీ, మాల్‌కు దానికి మధ్య నడకదారి కాక పెద్ద రోడ్లు, పార్కింగు మిగిలాయి. ప్రారంభమైన కొత్తలోనే వచ్చి చూసిన ప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, ఆ హాలులో పల్లెవీధి అవలక్షణాలన్నీ ఉన్నాయి గాని దాని అందం మాత్రం లేదని ఎత్తిపొడిచాడు. 1978లో గ్రూయెన్ తానే లండన్‌లో మాట్లాడుతూ, ఈ మాళ్ళనే అక్రమ సంతానానికి తాను భరణం చెల్లించేది లేదని తెగేసి చెప్పాడు. అప్పటికి ఆయన వియన్నాకు తిరిగి వెళ్ళిపోయి పదేళ్ళయింది. ఆ నగరానికి దక్షిణాన కూడా 1976లో ఒక భారీ మాల్ వెలిసింది.

జవాబు: గణకుడు

పై వివరణకు ఒక్క చేర్పు. సౌత్‌డేల్‌ను చూసి ముచ్చటపడినందువల్లనే దేశమంతా మాళ్ళు లేచాయనుకోవడం పొరపాటు. 1954లో అమెరికా పన్నుల చట్టం కొత్త కట్టడాలపై తరుగుదలను, అంటే పాతబడేకొద్దీ తగ్గే విలువ కింద రాసుకునే ఖర్చును, మొదటి సంవత్సరాలలోనే ఎక్కువగా చూపుకోనిచ్చింది. అద్దె చేతికి వస్తూనే కాగితం మీద నష్టం కనిపిస్తుంది, ఆ నష్టంతో ఇతర ఆదాయంపై పన్ను తగ్గుతుంది. పాత భవనాన్ని బాగుచేసుకునేవాడికి ఇంత లాభం లేదు కాబట్టి, పెట్టుబడి ఊరి బయటి ఖాళీ పొలాల వైపు పరుగెత్తింది. సౌత్‌డేల్ పథకం ఈ చట్టానికి రెండేళ్ళు ముందరిది కనుక దానికి ఇది మూలకారణం కాదు. దాని వెనుక వచ్చిన వందల మాళ్ళకు మాత్రం ఇది ఎరువు. 1956లోనే వచ్చిన జాతీయ రహదారుల చట్టం నీరు పోసింది.

జవాబు: ఎర్రబస్సు

సెంటరు అన్న మాట మీదనే నాకు అభ్యంతరం ఉంది. మన సెంటర్లలో ధర్నా చేయవచ్చు, కరపత్రం పంచవచ్చు, ఊరికే నిలబడినా ఇదేమిటని అడిగేవాడు ఉండడు. పోర్ట్‌లండ్‌లోని ఒక మాల్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచినవారి వ్యాజ్యంలో, అది ప్రైవేటు ఆస్తి కనుక యజమాని వద్దనవచ్చునని 1972లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. సౌత్‌డేల్‌కు కొద్ది దూరంలో 1992లో తెరిచిన మాల్ ఆఫ్ అమెరికాలో నిరసన తెలిపినవారికి కూడా 1999లో మినెసోటా సుప్రీంకోర్టు అదే జవాబిచ్చింది. గ్రూయెన్ వియన్నా కూడలిని గోడల లోపలికి తెచ్చాడు కానీ, దానిమీద ఊరివాళ్ళకుండే హక్కును తేలేదు. అందువల్ల ఆయన పశ్చాత్తాపం మీద నాకు అంత సానుభూతి లేదు. తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుందో గీసేనాడే తెలిసి ఉండాలి.

జవాబు: పాతపటాలు

ఎర్రబస్సు గారి మాట కాదనలేను. కొసరుగా మరొక్క సంగతి. సౌత్‌డేల్ పార్కింగులో ఒక మూలన గత దశాబ్దంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఒక పాత డిపార్ట్‌మెంట్ స్టోర్‌ను కూల్చిన చోట 2019లో వ్యాయామశాల వచ్చింది. 1950ల నాటి పటంలోని మనుషులు ఇప్పుడు ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నారు.

చలిమంట

అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. పక్షుల పంజరం ఎప్పుడు తీసేశారని అడుగుతున్నారు.