సర్టిఫికెట్లు పేరుకుపోతున్నాయి, పని మెరుగుపడే శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: కౌన్సెలింగ్ సైకాలజిస్టు, పాలకొల్లు

అందరికీ నమస్కారం. ఎం.ఎస్సీ. సైకాలజీ చదివి, ఇక్కడ ఒక ప్రైవేటు క్లినిక్‌లో కౌన్సెలింగ్ చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో రొయ్యల చెరువుల్లో నష్టపోయి అప్పులపాలైన రైతులు, తల్లి కువైట్‌లో పనికి వెళ్తే అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు, భార్య బలవంతం మీద వచ్చి మద్యం గురించి ఒక్క మాటా చెప్పకుండా కూర్చునే భర్తలు ఎక్కువ. చదువు అక్కడితో ఆగిపోకూడదని కనిపించిన ప్రతి వెబినార్‌కూ పేరు నమోదు చేసుకుంటున్నాను. ఫోన్ నిండా సర్టిఫికెట్లు ఉన్నాయి గానీ, మరునాడు ఎదురుగా మనిషి వచ్చి కూర్చున్నప్పుడు నా మాటతీరులో పెద్ద మార్పు కనిపించడం లేదు. కొన్ని సర్టిఫికెట్ల మీద అమెరికా సంస్థల క్రెడిట్లు అని ఉంటుంది, కొన్నింటి మీద ఏమీ ఉండదు. వీటిలో మన దగ్గర దేనికి విలువ ఉంది? ప్రాక్టీసు మూసేసి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లే వీలు లేనివాళ్లు నిజంగా నేర్చుకోవాలంటే ఏం చేయాలి?

జవాబు 1: క్లినికల్ సైకాలజిస్టు, కాకినాడ

ముందు కాగితాల సంగతి చెబుతాను, అది తొందరగా తేలిపోతుంది. 1992 నాటి చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే మనం ఆర్.సి.ఐ. అని పిలిచే సంస్థ, తన రిజిస్టరులో పేరున్న క్లినికల్ సైకాలజిస్టుల విషయంలో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు సి.ఆర్.ఇ. పాయింట్లను, అంటే నిరంతర పునరావాస విద్య పాయింట్లను, చూస్తుంది. ఆ పాయింట్లు మండలి ముందుగా ఆమోదించిన కార్యక్రమాలకే వస్తాయి కాబట్టి, రుసుము కట్టేముందే ఆ ఆమోదం ఉందో లేదో నిర్వాహకులను అడగండి. కార్యక్రమం అయిపోయాక అడిగితే వారి దగ్గర క్షమాపణలు తప్ప ఏమీ ఉండవు. అమెరికా క్రెడిట్లు అక్కడి రాష్ట్రాల లైసెన్సు బోర్డుల కోసం ఉద్దేశించినవి. ఉదాహరణకు కాలిఫోర్నియాలో సైకాలజిస్టు లైసెన్సు పునరుద్ధరించుకోవాలంటే రెండేళ్లకు 36 గంటల నిరంతర విద్య చూపాలి. ఆ లెక్క మీకూ నాకూ వర్తించదు. పాఠం బాగుంటే వినండి, క్రెడిట్ల కోసం మాత్రం డాలర్లు పోయకండి.

మీది ఎం.ఎస్సీ. అన్నారు కనుక ఇంకొక మాట. ఆర్.సి.ఐ. పరిధిలోకి రాని సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో ప్రవర్తనా ఆరోగ్య శాస్త్రాల విభాగం కిందకు వస్తారు. ఆ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ రాష్ట్ర మండళ్ల చేతిలో ఉంటుంది. కాబట్టి డిగ్రీ పత్రాలు, పర్యవేక్షణలో చేసిన పని వివరాలు, ఎవరి దగ్గర చేశారో వారి సంతకాలు ఇప్పటినుంచే ఒక ఫైలులో పెట్టుకోండి.

జవాబు 2: సైకియాట్రిక్ సోషల్ వర్కర్, భీమవరం

కాకినాడ సార్ చెప్పింది అవసరమైనదే, కాని మేడమ్ గారి అసలు బాధ అది కాదనిపిస్తోంది. విన్నది చేతికి ఎందుకు రావడం లేదన్నదే వారి ప్రశ్న. దీనికి పరిశోధనలో సమాధానం ఉంది. మారాలన్న కోరికను మనిషి నోటే పలికించే పద్ధతిగా మద్యం కేసుల్లో మనమంతా వాడే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌ను రూపొందించిన విలియం మిల్లర్, తన బృందంతో కలిసి, శిక్షణ పొందినవారు నిజంగా మారుతున్నారా అని పరీక్షించారు. 2004లో వెలువడిన ఆ అధ్యయనంలో, వర్క్‌షాపుకు మాత్రమే హాజరైనవారి నైపుణ్యం నెలలు గడిచేకొద్దీ సడలిపోగా, తమ సెషన్ల రికార్డింగుల మీద అభిప్రాయమో వ్యక్తిగత కోచింగో అందుకున్నవారిలో అది నిలిచింది. ఈత గురించి ఉపన్యాసం విన్నంత మాత్రాన గోదావరి దాటలేం కదండీ.

మేము కొందరం ఆన్‌లైన్‌లో కలుసుకుని రోల్ ప్లే చేసి, రికార్డు చేసి, తిరిగి వింటాం. ఒకరు రైతు పాత్రలో, "చెరువు పోయిందండి, పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఉంది" అన్నారు. కౌన్సెలర్ పాత్రలో ఉన్నవారు వెంటనే, "అలా అనకూడదు, పిల్లల మొహం చూడండి" అన్నారు. రికార్డింగులో ఆ తరువాత వినిపించేది "సరేనండి" అన్న ఒక్క మాట; రైతు మళ్లీ నోరు విప్పలేదు. రెండోసారి అదే చోట, "డబ్బా మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడిగి, ఆ మందును ఇంటి నుంచి తీయించి ఎవరి దగ్గర పెట్టించవచ్చో మాట్లాడారు. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయానికి ఆధారం లేదని మనం చదువుకునే ఉంటాం. కాని చదివిన వాక్యం నోటికి అందాలంటే ఇలా పలికి చూడవలసిందే.

గోవాలోని సంగాత్ సంస్థ, సైకాలజీ డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మద్యం సమస్యలకు, డిప్రెషన్‌కు కౌన్సెలింగ్ చేయించింది; వాటి ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఆ పద్ధతులు మన క్లినిక్‌లకు సరిపోయేంత చిన్నవి, స్పష్టమైనవి. ముందు వాటితో మొదలుపెట్టమని నా సలహా.

జవాబు 3: విశ్రాంత సైకాలజీ అధ్యాపకుడు, అమలాపురం

భీమవరం వారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, వినే శిక్షణను మరీ తీసిపారేయవద్దు. మనం నేర్చుకున్నవే కాలం చెల్లిపోతున్నాయి. ప్రమాదమో వరదో జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగిందంతా ఒక్క సెషన్‌లో చెప్పించే డీబ్రీఫింగ్‌ను ఒకప్పుడు మంచి పద్ధతి అనుకునేవారు. అది మేలు చేయదని అధ్యయనాలు తేల్చాక దాని స్థానంలో, బలవంతంగా చెప్పించకుండా ముందు భద్రత, అవసరాలు, ధైర్యం చూసే మానసిక ప్రథమ చికిత్సను సిఫారసు చేస్తున్నారు. లంక గ్రామాల్లో పనిచేసేవారికి ఈ తేడా తెలియకపోతే, సాయం చేద్దామని వెళ్లి హాని చేసే ప్రమాదం ఉంది.

చట్టం సంగతీ అంతే. 2018 మే నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించరాదనీ చెబుతుంది. 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షను లేదు. అయినా మన పల్లెల్లో ఇప్పటికీ పోలీసు కేసు భయంతో "పురుగుమందు పొరపాటున తాగాడు" అని చెబుతారు. ఆసుపత్రివారు పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయడం వేరు, శిక్ష పడడం వేరు అని కుటుంబానికి వివరించగలగడం కూడా మన పనే.

మరొకటి, నాకు ఆసక్తి ఉన్న విషయం కనుక కాస్త సాగదీస్తున్నాను. దీర్ఘకాలిక దుఃఖం ఇప్పుడు ప్రత్యేక రుగ్మతగా గుర్తింపు పొందింది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐ.సి.డి. 11 దానికి కనీసం ఆరు నెలల వ్యవధి పెట్టింది. అదే ఏడాది వచ్చిన, అమెరికా సైకియాట్రిస్టుల సంఘం మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డి.ఎస్.ఎం. 5 సవరణ ప్రతి పెద్దలకు ఏడాది అంటుంది. మన ఇళ్లలో సంవత్సరీకం దాకా పండుగ చేసుకోరు, శుభకార్యాలకు దూరంగా ఉంటారు. భర్త పోయి ఎనిమిది నెలలైన ఆమె పెళ్లికి వెళ్లలేదంటే అది ఆచారమా, లక్షణమా? తన సంస్కృతి ఆశించే హద్దును దుఃఖం దాటిందా అని చూడమని ఆ నిర్వచనాలే చెబుతున్నాయి. ఆ హద్దు మన ప్రాంతంలో ఎక్కడుందో ఏ విదేశీ వెబినార్ చెప్పలేదు, మనమే కేసులు ముందు పెట్టుకుని చర్చించాలి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. పాలకొల్లు నుంచి భీమవరం ఎంత దూరమని? రైతు ఊరు, చెరువు విస్తీర్ణం చెబితే చాలు, ఎవరో పోల్చుకుంటారు. అలాంటప్పుడు కేసు బృందంలో పెట్టడం సబబేనా?

జవాబు 2 వారు మళ్లీ

సరైన ప్రశ్న అడిగారు మేడమ్. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే 23వ సెక్షను గోప్యతను రోగి హక్కుగా చెబుతుంది కాబట్టి, అసలు సెషన్ల రికార్డింగులు మా బృందంలోకి రానివ్వం. ఊరు, వృత్తి, పిల్లల వివరాలు మార్చి, సమస్య స్వభావాన్ని మాత్రం ఉంచి రోల్ ప్లేగా చేస్తాం. అలా మార్చినా గుర్తుపట్టే వీలున్న కేసును జిల్లా బయట ఉన్న సూపర్వైజరుతో విడిగా చర్చిస్తాం, అదీ క్లయింటు లిఖితపూర్వకంగా ఒప్పుకున్నాకే. చిన్నపిల్లల మీద లైంగిక హింస బయటపడితే మాత్రం బృందం చర్చ కోసం ఆగవద్దు. పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం ముందు ఫిర్యాదు చేయవలసిందే. మీకు వీలైతే వచ్చే సమావేశంలో మద్యం మాట ఎత్తని భర్త పాత్ర మీరే వేయండి. అటువైపు కుర్చీలో కూర్చుంటే ఏ ప్రశ్నకు నోరు మూతపడుతుందో తెలుస్తుంది.