అప్‌డేట్: పరుగుకు ముందు బీట్‌రూట్ రసం, నెల తర్వాత

పది కిలోమీటర్ల పరుగుకు బీట్‌రూట్ రసం తాగుతున్నా తేడా కనబడట్లేదని నెల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ, ముఖ్యంగా మౌత్‌వాష్ మానెయ్యమన్న అక్కకి ధన్యవాదాలు.

తప్పు అక్కడే ఉంది. రసంలోని నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చేది నాలుక మీది బ్యాక్టీరియా. ఆ తర్వాతే ఒంట్లో రక్తనాళాలను వెడల్పు చేసే నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. నేను తాగిన వెంటనే క్రిములను చంపే మందుతో పుక్కిలించేవాణ్ని. పైగా పావుగంటకే పరుగు మొదలు. రక్తంలో నైట్రైట్ బాగా పెరగడానికి రెండు మూడు గంటలు పడుతుంది. 2009లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం అధ్యయనంలో రోజుకు అర లీటరు చొప్పున 6 రోజులు తాగినవాళ్లకి అదే శ్రమకి తక్కువ ఆక్సిజన్ సరిపోయింది.

ఇప్పుడు ఆదివారాలు మూడున్నరకే లేచి, మా విశాఖ ఎంవీపీ రైతు బజార్లో కొన్న దుంపల రసం తాగి, ఆరింటికి ఆర్కే బీచ్ కాళీ గుడి దగ్గర నుంచి రుషికొండ వైపు బయల్దేరుతున్నాను. 61 నిమిషాలు పట్టేది మొన్న 59 అయింది. అంతా రసం వల్లే అనను, నెలంతా సాధన చేశాను. కానీ తెన్నేటి పార్కు దగ్గర ఎత్తులో ఆయాసం తగ్గింది.

మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడకండి, దుంప రంగే. నాన్నగారికి మాత్రం ఇవ్వలేదు. బీపీ మాత్రలు వాడతారు, కిడ్నీలో రాయి కూడా ఉంది. ఈ రసం బీపీ తగ్గిస్తుంది, కిడ్నీలో రాళ్లకు దారితీసే ఆక్సలేట్ కూడా ఇందులో ఎక్కువే. ముందు డాక్టరుగారిని అడుగుతాం.