కమిలిన దెబ్బకు పసుపు సున్నం పట్టు వేయొచ్చా? అమ్మ రక్తం పలచబడే మందులు వాడుతోంది

అందరికీ నమస్కారం. మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మొన్న ఆదివారం అమ్మ బాత్రూంలో జారి చెయ్యి గోడకు కొట్టుకుంది. వయసు 68. ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ కాలేదని తేలింది. కానీ మోచేతి కింద అరచేయంత మేర నేరేడుపండు రంగులో కమిలిపోయింది. అంచులు ఇప్పుడిప్పుడే పచ్చబడుతున్నాయి.

అమ్మది ఒంగోలు దగ్గర పల్లె. పసుపు, సున్నం కలిపి వెచ్చచేసి పట్టు వేయమని, వావిలాకు కాపడం పెట్టమని ఒకటే పట్టు. మైలాపూర్‌లో నాటుమందుల కొట్లో అడిగితే, వావిలినే ఇక్కడ నొచ్చి అంటారని చెప్పి ఒక కట్ట ఇచ్చారు. వాసన చూడగానే అమ్మ ముఖం వెలిగిపోయింది.

నా టెన్షన్ వేరే. స్టెంట్ వేశాక ఆమె ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతోంది. చిన్న దెబ్బకే కములుతుంది. మొదటి రెండు రోజులు ఐస్ పెట్టాం. సున్నానికి ఒళ్లు కాలే గుణం ఉంది, ఆమె చర్మమేమో ఉల్లిపొరలా ఉంది. అందుకే సున్నం మాత్రం వద్దన్నాను, అలిగింది.

పసుపులోని కర్క్యుమిన్ వాపు తగ్గిస్తుందని ల్యాబ్ పరిశోధనలు ఉన్నాయి. కానీ పైన పూస్తే గడ్డకట్టిన రక్తం త్వరగా కరుగుతుందని మనుషుల మీద పరీక్షించి చూశారా? కమిలిన చోట పూసే ఆర్నికా (ఒక మూలిక) క్రీమ్ మీద అలాంటి పరీక్షలు జరిగాయి గానీ ఫలితాలు ఒక్క తీరుగా లేవు.

డాక్టర్లు, ఆయుర్వేద వైద్యులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఈ మందులు వాడేవాళ్లకు నాలుగో రోజున గోరువెచ్చటి వావిలాకు కాపడం పెట్టొచ్చా? ఆకులు ఫ్రిజ్‌లో పెట్టి ఉంచాను.