‘సిన్సియర్ వర్కర్’ అంటే అక్కడ వేరే అర్థమా?

మా టీమ్‌లో పనిచేసిన కుర్రాడు పైచదువులకి ఇంగ్లండ్ వెళ్తూ రికమండేషన్ లెటర్ అడిగితే ‘వెరీ సిన్సియర్ వర్కర్’ అని రాశాను. అక్కడే ఉంటున్న మా అక్క చదివి, “ఏరా, అబద్ధాలాడడని ప్రత్యేకంగా చెప్పాల్సొచ్చిందా?” అంది.

అక్కడ సిన్సియర్ పక్కన అపాలజీ, థ్యాంక్స్ లాంటివి వస్తాయి. మనసులో ఉన్నదే పైకి అనడమన్నమాట. మాట సంగతి దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని బ్రిటిష్ భాషావేత్త ఫర్త్ 1957లోనే అన్నాడు. మనకేమో బళ్లో “సిన్సియర్‌గా చదువు” అని విన్నప్పటినుంచీ ఒళ్లు దాచుకోకుండా పనిచేయడమే సిన్సియారిటీ. ఆ అర్థానికి వాళ్ల మాట ‘కాన్షియెన్షస్’. పలకడానికే బోలెడు సిన్సియారిటీ కావాలి!

‘హార్డ్ వర్కర్’తో పేచీ లేదు, రెండుచోట్లా చెల్లుతుంది. ‘వర్క్స్ హార్డ్’ అన్నా సరే. పొరపాటున ‘హార్డ్లీ వర్క్స్’ అన్నారో, పనిదొంగ అని రాసిచ్చినట్టే. పని అప్పగించి నిశ్చింతగా ఉండగలిగే మనిషిని ‘సేఫ్ పెయిర్ ఆఫ్ హ్యాండ్స్’ అంటారు. క్యాచ్ జారవిడవని చేతులు అనుకోండి. ఇంత క్రికెట్ పిచ్చి ఉండి మనం దీన్నెందుకు వదిలేశామో!

— మాస్టారూ, తెలుగులోనూ ఇదే తంతు కదండీ. చేయి తిరిగిన వంటవాడు, తలపండిన లాయరు అంటాం. ‘తలపండిన వంటవాడు’ అంటే ముందు నెరిసిన జుట్టే గుర్తొస్తుంది. ‘ఆరితేరిన’తో ఇంకా జాగ్రత్త. విద్వాంసులూ ఆరితేరతారు, మోసగాళ్లూ ఆరితేరతారు.

— బాగా చెప్పారండీ. లాయరుకి ‘ఆరితేరిన’ తగిలిస్తే మెచ్చుకోలో దెప్పిపొడుపో ఆయనే తేల్చుకోవాలి.

— నాదో సందేహం సార్. మా ఆఫీసులో ఒకావిడ చాలా కలుపుగోలు మనిషి. ‘ఈజీగోయింగ్’ అనొచ్చా?

— కుదరదమ్మా. ఈజీగోయింగ్ అంటే దేనికీ టెన్షన్ పడని మనిషి. అలాంటివాళ్లు అందరితో కలవాలనేం లేదు. తనే వచ్చి పలకరించే మనిషైతే ‘అవుట్‌గోయింగ్’ దగ్గరగా ఉంటుంది. కాకపోతే ‘షీ ఈజ్ వెరీ అవుట్‌గోయింగ్’ అనండి. ఆవిడ మేనేజరైతే మాత్రం ‘అవుట్‌గోయింగ్ మేనేజర్’ అని రాయకండి, పదవి దిగిపోతున్నారనుకుని వీడ్కోలు సభ పెట్టేస్తారు.